పొగలో వేలాడే పిల్లనగ్రోవి: నల్లమల వాద్య సాధనకు ఒక చిన్న చరిత్ర

నా ఆఫీసు గదిలో ఉన్న ఇనుప బీరువాలో ఒక పిల్లనగ్రోవి ఐదు నెలలు ఉంది. దాన్ని అక్కడ పెట్టి తాళం వేసింది నేనే. ఈ సంచికకు మన గిరిజన కళల చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం వాళ్ళు అడిగారు. గుస్సాడీ గురించి, ధింసా గురించి, మా సుగాలీల తీజ్ గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఆ బీరువాతో మొదలుపెడతానని చెప్పాను.

నేను కర్నూలు జిల్లాలో ఒక సుగాలి తండాలో పుట్టాను. టీచర్ ట్రైనింగ్ చేసి, కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, తర్వాత నల్లమల అంచున ఉన్న ఒక బాలికల హాస్టల్‌కు వార్డెన్‌గా వచ్చాను. ఆ ఊళ్ళన్నీ ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయాయి గానీ మా నోటికి ఇంకా కర్నూలే వస్తుంది. మా దగ్గర సుగాలి, ఎరుకల, యానాది పిల్లలతో పాటు చెంచు పిల్లలూ ఉంటారు. ఆ ఏడాది ఆరో తరగతిలో చేరిన ఒక చెంచు పాప ట్రంకు పెట్టెలో బట్టల అడుగున ఒక పిల్లనగ్రోవి తెచ్చుకుంది. సాయంత్రం స్టడీ అవర్ గంట కొట్టాక లెక్క పెడితే ఒకరు తక్కువ. వెనక గేటు దాటి, వంక గట్టు మీద, తుమ్మచెట్ల కింద ఉండేది ఆ పిల్ల. మొదటిసారి మందలించాను. రెండోసారి పెట్టె వెతికాను. మూడోసారి పిల్లనగ్రోవి తీసుకుని బీరువాలో పెట్టాను. అది జూలై నెల.

నా భయం అబద్ధం కాదు. వంకలో రక్తపింజరలు ఉన్నాయి, తేళ్ళు ఉన్నాయి. చీకట్లో ఆడపిల్ల ఒక్కతే గోడ అవతల ఉంటే దానికి జవాబు చెప్పాల్సింది వార్డెనే. డిసెంబరులో, సెలవులకు ముందు, పోనీలే పాపం అని బీరువా తెరిచాను. అరలో పసుపుపచ్చటి పిండి కుప్పగా ఉంది. పిల్లనగ్రోవిని చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. పుప్పి పురుగు లోపలంతా తినేసి పైతోలు మిగిల్చింది. పాప దాన్ని చూసింది. ఏడవలేదు. "యాడ పెట్టినారు మేడం? పొగ లేదు కదా ఆడ" అని మాత్రం అంది.

సంక్రాంతికి ఇంటికి పోయిన పిల్ల తిరిగి రాలేదు.

హాస్టల్ నడిపే వాళ్ళకు ఈ మాట అర్థం ఎంతో తెలుసు. ఆరో తరగతిలో ఆగిపోయిన ఆడపిల్ల మూడు నాలుగేళ్ళకు ఎక్కడ తేలుతుందో మనం అందరం చూశాం. ఫిబ్రవరిలో ఆత్మకూరు దాటి, అడవిలోని వాళ్ళ గూడేనికి వెళ్ళాను. ఆ పిల్లకు ఊదడం నేర్పిన తాత పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. పొయ్యి మీద వాసానికి తీగతో కట్టి మూడు పిల్లనగ్రోవులు వేలాడుతున్నాయి, పొగకు నల్లగా నిగనిగలాడుతూ. పాప అన్న మాట నాకు అప్పుడు తెలిసింది.

ఆ రోజు, తర్వాత మరో రెండుసార్లు ఆ తాత చెప్పిందీ, నేను పుస్తకాల్లో చదివిందీ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు వెదురు సంగతి. మన నల్లమల ఎండ అడవి. ఇక్కడ ఎక్కువగా పెరిగేది సాధన వెదురు. అది గట్టిది, లోపల బోలు తక్కువ. నీళ్ళు తక్కువైన గట్ల మీద పెరిగినదైతే దాదాపు గట్టి కర్రే. కర్రసాముకూ ఈటె కామకూ బాగుంటుంది, ఊదడానికి పనికిరాదు. అందుకని వంకల పక్కన, తడి ఉన్న చోట పెరిగిన పొదలు వెతకాలి. కొట్టి చూసి, చప్పుడుతో బోలు ఎంతో చెప్పాలి. అంటే వాద్యం చేతికి రాకముందే చెవికి పరీక్ష. అమావాస్య దగ్గర పడ్డ రోజుల్లో నరికితే పుప్పి పట్టదని తాత నమ్మకం. ఆరబెట్టి, కాల్చిన ఇనుప చువ్వతో బొక్కలు పెట్టి, పొయ్యి మీద కట్టాలి. వాడినంత కాలం మళ్ళీ మళ్ళీ పొగకు చేరాలి.

మొట్టమొదట వెదురుకు బొక్క పెట్టింది తుమ్మెద అని తాత నవ్వాడు. కట్టుకథ అనుకున్నాను గానీ, నల్ల తుమ్మెద ఎండు వెదురులోకి గుండ్రటి బొక్క తొలిచి గూడు పెట్టుకునే మాట నిజమే. ఎవరో బరమాతో తీసినట్టు ఉంటుంది ఆ బొక్క. గాలికి తనంతట తానే మోగే వెదురుకు సంస్కృతంలో కీచకం అని పేరే ఉంది. అమరకోశంలో ఉన్న మాట అది. కాళిదాసు కుమారసంభవంలో హిమాలయాన్ని వర్ణిస్తూ ఈ మోగే వెదుళ్ళను తలచుకున్నాడు. మనకు కీచకుడంటే భారతంలో భీముడి చేతిలో చచ్చినవాడే గుర్తొస్తాడు, ఆ పేరు వెనక ఒక వెదురు పొద ఉందని నాకు నలభై ఏళ్ళు దాటాక తెలిసింది.

ఇక సాధన ఎక్కడ, ఎప్పుడు అన్నది. మా తండాలో చప్పుడు అంటే జంతువును తోలేది. శనగ చేలో మంచె మీద కూర్చుని మా నాయన రాత్రంతా నూనె డబ్బా కొట్టేవాడు, అడవిపందులు రాకుండా. అందుకే అడవిలో వాయిద్యం అంటే నాకు అదే లెక్క. చెంచుల లెక్క వేరు. వాళ్ళకు చప్పుడు చేయాల్సిన చోటు ఉంది, చేయకూడని చోటు ఉంది. దారిలో నడిచేటప్పుడు చప్పుడు కావాలి. గుడ్డెలుగుకు చూపు మందం, మనిషి హఠాత్తుగా ఎదురైతేనే మీద పడుతుంది. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో ఇప్పపూలు రాలేటప్పుడు తెల్లవారుజామున అది చెట్ల కిందే ఉంటుంది. ఉగాదికి శ్రీశైలం నడిచి వెళ్ళే కన్నడ యాత్రికులు దారంతా మల్లయ్యను ఎలుగెత్తి పిలుస్తూ పోవడం భక్తే, దాంతో పాటు ఎలుగుకు కబురు పంపడం కూడా.

ఆ దారి పాతది. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాసద్వారం. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని చరిత్రలో చదువుకున్నాం. మెట్లు కట్టించినవాడి పేరు నిలిచింది. ఆ మెట్ల మీద యాత్రికులకు దారి చూపి, కాపలా కాసి, దానికి ఇంత అని తీసుకున్నది చెంచులు. పదమూడో శతాబ్దం నాటి పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం ఈ శ్రీశైల యాత్ర గురించే. ఆ కావ్యంలో ఎన్నో రకాల వీణల పేర్లు వస్తాయి, కిన్నెరలూ ఉంటాయి. ఆయనే బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య అనే భక్తుడి కథ చెప్పాడు. కిన్నెర వాయించి శివుణ్ణి కొలవడమే ఆయన కాయకం. అంటే ఈ కొండదారుల్లో తీగ వాద్యం మోగడం కొత్త సంగతి కాదు.

చప్పుడు చేయకూడని చోట్లు రెండు చెప్పాడు తాత. ఒకటి, పొద్దు వాలేటప్పుడు నీటి గుంట. జింకలూ కణుజులూ నీళ్ళకు వచ్చే వేళ అది. రెండోది కొండ తేనె పట్టు. బండ అంచు నుంచి తీగల నిచ్చెన మీద ఒకడు దిగుతాడు, పైన తాడు దగ్గర అతని బావమరిది కూర్చుంటాడు. తన అక్కో చెల్లెలో విధవ కాకూడదు కాబట్టి తాడు వదలడని వాళ్ళ లెక్క. పెద్ద తేనెటీగకు మనలా చెవులు లేవు, కాళ్ళతో, మీసాలతో అదురును పసిగడుతుంది. అక్కడ మాట ఉండదు, పాట ఉండదు, సైగలే. పిల్లనగ్రోవి నేర్చుకునే పిల్లకు ఊదడం కంటే ముందు ఈ రెండు చోట్ల మౌనంగా కూర్చోవడం నేర్పాడట.

మిగతా చోట్ల సాధన. ఎండాకాలం మధ్యాహ్నం చిమటలు మొదలుపెడితే చెవులు హోరెత్తుతాయి, అప్పుడు ఊదినా నీది నీకు వినబడదు. పొద్దుగూకాక కీచురాళ్ళు అందుకుంటాయి. అదే సాధన వేళ. మగ కీచురాయి రెక్కలు రాపాడించి చేసే ఆ చప్పుడు ఒకే తీరుగా, ఒకే కాలంలో సాగుతుంది. దాన్ని పట్టుకుని ఊపిరి సరిచూసుకోవచ్చు. సంగీతం మాస్టారి తంబుర శ్రుతి అనుకోండి. అయితే తాత చెప్పిన అసలు మాట అది కాదు.

"పురుగు ఆగితే నువ్వూ ఆగాలమ్మా. అది ఊరికే ఆగదు. ఏదో వస్తాంటేనే ఆగుతాది."

ఈ మాట విన్నప్పుడు పొయ్యి ముందు కూర్చున్న నాకు ఒళ్ళు చల్లబడింది. జూలైలో నేను టార్చిలైటు పట్టుకుని వంక గట్టు మీదికి పోయిన ప్రతిసారీ పిల్లనగ్రోవి ఠక్కున ఆగిపోయేది. నేను చేరేసరికి ఆ పిల్ల లేచి నిలబడి నా వైపే చూస్తుండేది. తప్పు చేసి దొరికిన దొంగలా నిలబడిందని అప్పుడు అనుకున్నాను. నా చెప్పుల చప్పుడుకు కీచురాళ్ళు ఆగాయి. కీచురాళ్ళు ఆగాయని ఆ పిల్ల ఆగింది. తాత నేర్పినట్టే లేచి నిలబడి, వచ్చేది ఏమిటో చూసింది. వచ్చింది వార్డెను. నా టార్చి కంటే దాని కాపలాయే నమ్మకమైనదని ఒప్పుకోవడానికి నాకు కొంచెం టైం పట్టింది. ఒప్పుకున్నాక కూడా పాముల భయం పోలేదు, అది వేరే సంగతి.

ఈ చెవి విద్య ఒక్క చెంచులదే కాదు. నల్లమలకు దక్షిణాన కడప జిల్లా లంకమల సంగతి చూడండి. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు లోకానికి చెప్పిన కలివికోడి, 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందని రాసేశారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతూ వస్తే, 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర అడవిలో ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రి పూట దాన్ని పట్టి చూపించాడు. పట్టిన పిట్ట ఎక్కువ కాలం బతకలేదు. అది రాత్రి పిట్ట, కంటికి దొరకదు. సూర్యాస్తమయమైన ముప్పావు గంటకు అటూ ఇటూగా కాసేపు కూస్తుంది, అంతే. ఈ శతాబ్దం మొదట్లో దాని కూతను గుర్తుపట్టాక, ఎక్కడెక్కడ ఉందో ఆ కూతను బట్టి వెతకడం మొదలుపెట్టారు. మనవాళ్ళు పొద్దుగూకాక పొదల దగ్గర చెవి రిక్కించి కూర్చోవడాన్ని పనిలేనితనం అనే ఆఫీసర్లకు నేను ఈ కథ చెబుతుంటాను.

కిన్నెర గురించి రాయకుండా ఈ చరిత్ర ముగియదు. కృష్ణకు ఆవలి ఒడ్డున, నాగర్‌కర్నూలు వైపు, డక్కలి కళాకారులు వాయించే 12 మెట్ల కిన్నెర ఇప్పుడు అందరికీ తెలుసు. దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. నల్లమల చెంచుల్లోనూ కిన్నెర వాయించినవాళ్ళు ఉన్నారు. ఆ వాద్యాన్ని విప్పి చూస్తే అడవే కనబడుతుంది. దండి వెదురు. బుర్రలు ఎండిన సొరకాయలు. మెట్లను దండికి అతికించేది తేనె మైనం. పాతకాలంలో ఆ మెట్లు అలుగు పెంకులు. పదమూడో శతాబ్దంలోనే శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో కిన్నరి వీణ గురించి రాస్తూ మెట్లకు రాబందు ఎముకనూ, అతకడానికి మైనాన్నీ చెప్పాడు. శాస్త్రం రాసినవాడూ అడవి నుంచే తెచ్చుకున్నాడన్నమాట. నాకు నచ్చిన తమాషా ఒకటుంది: చెదలు తినేది వెదురును, చెదలను తినేది అలుగు. ఒకదాని మీద ఒకటి పెట్టి కట్టి మనిషి పాట పాడుకున్నాడు.

మైనంతో ఇంకో చిక్కుంది. తేనె మైనం పూర్తిగా కరగాలంటే 62 డిగ్రీలు దాటాలి గానీ మెత్తబడడానికి మన ఏప్రిల్ ఎండే చాలు. మెట్టు కాస్త జరిగితే స్వరం జరుగుతుంది. కాబట్టి ఇలాంటి వాద్యం మిట్టమధ్యాహ్నం ఎండలో వాయించేది కాదు, చల్లబడ్డాక చెట్టు కింద వాయించేది. అప్పుడు తోడు ఎవరంటే మళ్ళీ కీచురాళ్ళే.

ఇవాళ అలుగు పెంకు ముట్టుకుంటే జైలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అలుగు మొదటి షెడ్యూలులో ఉంది. ఉండాలి కూడా. ఒక్కో కిన్నెరకు కావలసింది పన్నెండు పెంకులు, ఇవాళ దొంగ వ్యాపారం కోరేది బస్తాలు. ఆ జంతువుకు చేటు తెచ్చింది కిన్నెర కాదు. కళాకారులు కొయ్య మెట్లకు ఎప్పుడో మారారు, పాట ఆగలేదు. ఆగిపోయింది వేరే చోట.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక నల్లమల రిజర్వు అడవి అయింది. 1909లో థర్స్టన్ తన ఏడు సంపుటాల్లో చెంచులకు చోటిచ్చాడు. హైమెన్‌డార్ఫ్ 1940లో చెంచుల మధ్య గడిపి 1943లో పుస్తకం తెచ్చాడు. విల్లు, వేట, ఇల్లు, పెళ్ళి, దేవుళ్ళు అన్నీ రాసుకున్నారు. ఒక పిల్ల పొద్దుగూకాక గట్టు మీద కూర్చుని ఎలా నేర్చుకుంటుంది అన్నది వాళ్ళు అడగడానికి వచ్చిన ప్రశ్న కాదు. తర్వాత కాగితం మిల్లుల కాలం వచ్చింది. చెంచులే కూలికి వెదురు నరికి లారీలకు ఎత్తారు. 1978లో అభయారణ్యం, 1983లో పులుల ప్రాజెక్టు. గూడేలు రోడ్డు పక్కకు జరిగాయి. పిల్లలు మా దగ్గరికి, హాస్టళ్ళకు వచ్చారు. చదువు కోసమే వచ్చారు, రావాలి. నేనూ అలా హాస్టల్లో చదివి వచ్చినదాన్నే. మా అమ్మ నేర్పిన పాటల్లో నాకు ఇప్పుడు సగమే గుర్తున్నాయి.

మన సంఘం వాళ్ళు ఒక్క విషయం గూడేల్లో చెప్పాలి. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితా చదవండి. వెదురు ఉంది, తేనె ఉంది, మైనం ఉంది. పిల్లనగ్రోవికీ కిన్నెరకూ కావలసినవి మూడూ చట్టంలో మన హక్కుగా రాసి ఉన్నాయి. వంక పక్కన ఒక వెదురు నరికినందుకు ఎవరూ భయపడాల్సిన పని లేదు. అయినా భయపడుతున్నారు, తాత కూడా ఆ మూడు పిల్లనగ్రోవులూ పాత వెదురువే అని నాకు రెండుసార్లు చెప్పాడు, నేనేదో అడవి ఆఫీసరు మనిషినైనట్టు.

"ఆడపిల్లలు ఊదుతారా తాతా మీలో?" అని అడిగాను. ఊదరు, పాడతారు అన్నాడు. మరి ఈ పిల్లకు? "మనవడు లేడు కదమ్మా. ఉన్నదానికి నేర్పినా" అన్నాడు. ఆ పిల్ల గుంజ వెనక నిలబడి వింటోంది. నేను తాతకు చెప్పాల్సింది దానికే చెప్పాను: పిల్లనగ్రోవి పాడు చేసింది నేను, తప్పు నాది, వస్తావా అని. వెంటనే ఏమీ అనలేదు. పది రోజుల తర్వాత వాళ్ళమ్మ తీసుకొచ్చి దించిపోయింది. సంచిలో కొత్తది ఒకటి ఉంది, కొత్తది అంటే పొయ్యి మీది మూడింటిలో ఒకటి.

ఇప్పుడు ఏర్పాటు ఏమిటంటే, స్టడీ అవర్ అరగంట ఆలస్యంగా మొదలవుతుంది. వెనక గేటు ఆయా తీస్తుంది, తానూ వెళ్ళి కూర్చుంటుంది. గట్టు మీద కంప కొట్టించి శుభ్రం చేయించాను. మొదట ఒక్కతే, తర్వాత నలుగురు. అందులో ఇద్దరు మా సుగాలి పిల్లలు, వాళ్ళకు ఊదడం రాదు, వినడానికి పోతారు. సైన్సు పాఠానికి కూడా అది పనికొచ్చింది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వాళ్ళు 2020లో ప్రచురించిన పరిశోధన ఒకటి పిల్లలకు చెప్పాను. చెట్టు కీచురాళ్ళలో గొంతు చిన్నదైన మగ పురుగు ఆకు నడిమికి బొక్క కొరికి, అందులో తల దూర్చి, ఆ ఆకును అడ్డు పెట్టుకుని పాడుతుందట, చప్పుడు పెద్దదిగా వినబడడానికి. పాప ఏమీ ఆశ్చర్యపోలేదు. మా తాతకు తెలిసే ఉంటాది అంది. తెలియదేమో అనబోయి ఊరుకున్నాను.

ఒక సమస్య మాత్రం మిగిలింది. మా హాస్టల్ వంటగదిలో గ్యాసు పొయ్యిలు. పొగ రాదు. అందుకని పిల్లనగ్రోవి వంటమనిషి ఇంట్లో ఉంటుంది. ఆమెది ఇంకా కట్టెల పొయ్యే. శనివారం రాత్రి తీసుకుపోయి వాసానికి కడుతుంది, సోమవారం పొద్దున కూరగాయల సంచిలో పెట్టుకుని తెస్తుంది.

మొన్న కార్తీకంలో ఒక సాయంత్రం నేను కూడా గట్టు మీదికి పోయాను. చెప్పులు గేటు దగ్గరే వదిలేసి. కీచురాళ్ళు ఆగలేదు, పాప కూడా ఆగలేదు. చాలాసేపు అయ్యాక ఒక్కసారిగా వంక అవతలి వైపు నుంచి నిశ్శబ్దం వచ్చింది. పాప పెదవి మీది నుంచి వెదురు దించింది. ఆయా నా చేయి పట్టుకుంది. ఎండుటాకుల మీద గలగలమని చప్పుడు, ఆ తర్వాత ముళ్ళపంది ఒకటి బొడ్డెల మీదుగా వంక దాటి నిమ్మళంగా పైకి పోయింది. ఎవ్వరం కదల్లేదు. అవతలి గట్టున ముందుగా ఒక పురుగు మొదలుపెట్టింది, తర్వాత ఇంకొకటి. పాప ఇంకాసేపు ఆగి, మళ్ళీ ఊదింది.